మినమాతా తీరము

జపాను దేశమునకు దక్షిణపు కొనను క్యూషూ యను పెద్దదీవి కలదు. దాని పడమటి యంచున అమకుసా దీవులు గోడవలె అడ్డముగా నిలిచి యుండుటచే, ఆ రెంటి నడుమ నొక చిన్న సముద్రము చిక్కుకొని యున్నది. దానికి షిరనుయి యని పేరు. ఎవరు ముట్టించిరో తెలియని నిప్పు అని ఆ మాటకర్థము. కొన్ని రాత్రులలో దూరపు నీటిమీద దీపములు వరుస తీర్చినట్లు కానవచ్చుటచే ఆ పేరు వచ్చినదట. మహాసముద్రపు కెరటముల యుద్ధృతి ఇక్కడికి రాదు. తెల్లవారుజామున చూచినచో నీరు నూనెవలె కదలక యుండును. చేపలు గ్రుడ్లు పెట్టుటకును, వాని పిల్లలు పెరుగుటకును ఇంతకంటె ననువైన చోటు లేదని అచ్చటి పల్లెకారులు తరతరములుగా చెప్పుకొనెడివారు. ఈ సముద్రపు తూర్పుగట్టున, కుమమోతో మండలములో, మినమాతా యను చిన్నపట్టణ మున్నది.

ఆ పేరు మన సోదరీమణులలో కొందఱు వినియే యుందురు. పాదరసపు వాడుకను తగ్గించుటకై 2013వ సంవత్సరమున దేశదేశముల వారును కూడి చేసికొన్న యొడంబడికకు ఆ యూరి పేరే పెట్టిరి. మన దేశమును 2018లో దానిని ధ్రువపఱచినది. అంతకు బహుకాలము పూర్వమే ఆ పేరు ఒక రోగమునకు పెట్టబడి వైద్యగ్రంథముల కెక్కినది. ఊరి పేరు రోగము పేరగుట ఊరివారికి చిన్న కష్టము కాదు. మినమాతా పిల్ల యని తెలిసి పెండ్లి సంబంధములు తప్పిపోయిన దినములు కలవు. రోగమునకు వేఱు పేరు పెట్టుడని కొందఱును, పేరును దాచినచో జరిగినదియు దాగిపోవునని కొందఱును నేటికిని వాదించుకొనుచున్నారు.

నే నచ్చటికి పోవుట యెట్లు తటస్థించెనో చెప్పెదను. మా పెద్దమ్మాయి కాపురము ఫుకువోకా నగరములో. దానికి ఆఱవనెల రాగానే నేను పురిటిసాయమునకు పోయి యుంటిని. ఆ దేశమున గర్భిణులకు నగరపాలకులు తల్లీబిడ్డల పుస్తక మొకటి యిత్తురు. తల్లి బరువు, బిడ్డ యెదుగుదల, టీకాలు, అన్నియు దానిలో వ్రాయవలసినదే. దానితోపాటు వచ్చిన కాగితములలో నొకటి చేపలను గూర్చినది. గర్భిణి యే చేపను నిశ్చింతగా తినవచ్చునో, కత్తిచేప, పెద్ద ట్యూనా మొదలగువానిని వారమున కెంతకు తగ్గించుకొనవలెనో బొమ్మలతో చూపిరి. సొరజాతి చేప యొకటియు అందులో నుండెను. మన కోస్తాజిల్లాలలో బాలింతకు పాలు పడుటకని పాలసొర వండి పెట్టుదురు గదా, ఇదేమి విపరీతమని నేనడిగితిని. "ఇది మన చిన్నసొర మాట కాదమ్మా, నడిసముద్రములో చిరకాలము బ్రతికెడి పెద్దచేపల మాట. ఈ జాగ్రత్త కంతకును మొదలు మినమాతాలో నున్నది. రైలులో గంటన్నర కూడ పట్టదు. వచ్చెదవా?" యని మా అమ్మాయి యనెను. కడుపుతో నున్న పిల్లను అటువంటి చోటికి త్రిప్పుట యేమని మా వియ్యపురాలు గారు ఫోనులోనే మందలించిరి గాని, అప్పటికి టిక్కెట్లు కొనుట జరిగినది.

వేగపురైలు కొండల సొరంగములలో దూరి దూరి షిన్-మినమాతా స్టేషనులో దింపును. అచ్చటనుండి ఒక్క స్టేషను దూరము చిన్నరైలులో పోవలెను. చిన్నరైలు దిగి వాకిటికి రాగానే ఎదుట కనబడునది గుడి కాదు, బజారు కాదు, కర్మాగారపు ద్వారము. ఊరు దానికెదురుగా కూర్చున్నట్లుండును. 1908లో అది వెలసినది. అంతకు ముందు ఉప్పుమళ్ళు, చేపలవేట తప్ప వేఱు బ్రతుకుతెరువు లేని పల్లెసీమకు విద్యుద్దీపములు, జీతములు, ఆసుపత్రి అన్నియు దానివలననే వచ్చెను. చిస్సో కంపెనీలో కొలువున్న యల్లుడనిన ఆ యూర గొప్ప. ఈ సంగతి మనసులో నుంచుకొననిదే తరువాతి కథ బోధపడదు. అన్నము పెట్టిన చేతిని అనుమానించుట కెవరికి మనసొప్పును?

1932లో ఆ కర్మాగారమున ఆసెటాల్డిహైడు అను ద్రవమును చేయ నారంభించిరి. వెనిగరులోని ఆమ్లమునకును, తరువాతి కాలమున ప్లాస్టిక్కు సామానునకును అది కావలసిన ముడిసరకు. పాలకు తోడువేసినట్లు దానికి పాదరసమును చేర్చుదురు. ఆ పాదరసములో కొంత కర్మాగారములోనే మిథైలు పాదరసమను రూపము దాల్చి, మురికినీటితో హ్యక్కెన్ అను రేవులోనికి పోవుచుండెను. ఈ రూపము బహు చెడ్డది. తిన్నదంతయు ఇంచుమించుగా రక్తములో కలియును. రక్తమునుండి మెదడున కెక్కును. గర్భిణియైనచో మాయను దాటి శిశువునకు చేరును. నీటిలో దాని పాలు బహుస్వల్పము. కాని కంటికి కానరాని జీవములు దానిని పీల్చును, వానిని చిన్నచేపలు తినును, చిన్నచేపలను పెద్దవి తినును. పాలు మరిగిన కొలది కోవా చిక్కబడినట్లు, ఒక్కొక్క మెట్టున విషము చిక్కబడును. ముప్పదియాఱు సంవత్సరములలో ఆ సముద్రమున కలిసిన పాదరసము 70 మొదలు 150 టన్నుల వఱకు నుండవచ్చునని లెక్కగట్టిరి. హ్యక్కెన్ తూమునొద్ద 1959లో తీసిన బురదలో టన్నుకు రెండుకిలోల పాదరసము దొరకినది.

ఆ తూమునొద్దకు పోయి నిలుచుంటిమి. చూచుటకేమియు లేదు. సామాన్యమైన కాలువ. కాని యొక సంగతి విని నేను నివ్వెఱపోతిని. సముద్రములో తిరుగు పడవల యడుగున గవ్వజాతి పురుగులు పొరలుపొరలుగా అంటుకొనును. వానిని గీకి తీయుట, సెగ చూపుట పల్లెకారులకు పెద్దచాకిరి. హ్యక్కెన్ రేవులో కట్టిన పడవలకు మాత్రము అవి యంటుట లేదు. ఇదెంత మంచిరేవని ఇతర గ్రామములవారును పడవలు తెచ్చి అచ్చట కట్టుకొనిరట. ప్రాణి యేదియు బ్రతుకని నీరది యని యెవరికి తట్టును!

1950 దాటిన తరువాత గుఱుతులు వరుసగా కానవచ్చెను. చేపలు సొమ్మసిల్లి నీటిపైకి తేలి, పిల్లలు చేతులతో పట్టుకొన గలిగినంత మందముగా తిరిగెను. గుల్లలు నోళ్ళు తెఱచుకొని చచ్చి పడియుండెను. సముద్రపు పాచిమొక్కలు పాలిపోయి తెగి తేలెను. కాకులు ఎగురుచు ఎగురుచునే నేలగూలెను. పిమ్మట పిల్లులు. పల్లెకారుల యిండ్లలో చేపతలలు, ప్రేవులు తిని పెరుగు పిల్లులు తూలుచు, గుండ్రముగా తిరుగుచు, పిచ్చిగా గంతులు వేయుచు గోడలకు కొట్టుకొనెను. కొన్ని సముద్రములో పడి చచ్చెను. నాట్యమాడు పిల్లుల రోగమని జనులు దానికి పేరు పెట్టిరి. 1954 ఆగస్టు 1వ తేదీని కుమమోతో పత్రికలో ఒక చిన్నవార్త పడినది. మోదో అను పల్లెలో పిల్లులన్నియు చచ్చిపోయినందున ఎలుకలు పెచ్చుపెరిగినవనియు, వానిని చంపు నుపాయము చూడుడని గ్రామస్థులు పట్టణాధికారులను వేడుకొనిరనియు అందులో నున్నది. పిల్లులేల చచ్చినవని యడిగినవారు లేరు. వల వేసినవానికి చేప దొరకుట పదవవంతునకు పడిపోయెను. దొరకిన కొంచెమును అమ్ముడుపోనందున ఇంటనే వండుకొనిరి. అన్నము తక్కువయైన యిండ్లలో చేపయే కడుపు నింపినది.

1956 ఏప్రిలు నెలలో అయిదేండ్లు దాటిన యొక బాలికను కంపెనీ ఆసుపత్రికి తెచ్చిరి. నడక తప్పినది, మాట ముద్దయైనది, మూర్ఛలు వచ్చుచుండెను. కొలది దినములకే మూడేండ్లు నిండని దాని చెల్లెలికిని అట్లే వచ్చినది. ఇరుగుపొరుగున మఱికొందఱున్నారని తల్లి చెప్పినది. మే 1వ తేదీని ఆసుపత్రి పెద్దవైద్యుడు హొసొకావా హజిమె గారు, కారణము తెలియని మెదడురోగము పుట్టినదని ఆరోగ్యశాఖకు తెలియజేసిరి. రోగము అధికారికముగా బయటపడినది ఆ దినముననే. అంటురోగమని భయపడి రోగులను వేఱుగా నుంచిరి. వారి యిండ్లలో మందునీళ్ళు చల్లిరి. అంగడివాడు వారిచేతి నాణెములను తాకక పుల్లలతో తీసికొన్నాడని చెప్పుకొందురు. మంచము పట్టినవారికంటె, వారికి అన్నము వండు స్త్రీలకు ఈ వెలి మిక్కిలి దుస్సహమై యుండును. నూతిచెంతకు పోవుటకైనను చీకటి పడవలసి వచ్చినది.

హొసొకావా గారి కథ నన్ను చాల దూరము వెంటాడినది. ఆయన కంపెనీ జీతము తినువాడు. అయినను కారణము వెదకుట మానలేదు. 1959 జూలైలో కుమమోతో విశ్వవిద్యాలయము వారు దోషము పాదరసముదేనని ప్రకటించిరి. కంపెనీవారు కాదని వాదించిరి. ఆ దినములలోనే ఆయన ఆసెటాల్డిహైడు మురికినీటిని తిండిలో కలిపి యొక పిల్లికి పెట్టుచుండెను. దాని సంఖ్య 400. అక్టోబరులో ఆ పిల్లి తూలినది, మూర్ఛపోయినది, పల్లెలలోని పిల్లులవలెనే గంతులు వేసినది. ఇక సందేహము లేదు. ఆ సంగతిని కంపెనీ పెద్దలకు చెప్పగా, వారు ప్రయోగములు చాలింపు మనిరి. ఆయన పైకి చెప్పలేదు. 1970లో న్యాయస్థానము వారు ఆయన మంచముచెంతకే వచ్చి సాక్ష్యము తీసికొన్నప్పుడు చెప్పెను. ఆ సంవత్సరముననే మరణించెను. రోగమును లోకమునకు తెలిపినవాడును ఆయనయే, కారణమును పదునొకండేండ్లు కడుపులో దాచినవాడును ఆయనయే. కడపట నిజము చెప్పెనని కొందఱాయనను పొగడుదురు. నాకు మాత్రము ఆ నడుమ పుట్టిన బిడ్డలు జ్ఞాపకము వచ్చిరి.

ఆ 1959 డిసెంబరులోనే కర్మాగారమునకు నీరు శుభ్రపఱచు యంత్రమొకటి పెట్టి ఉత్సవము చేసిరి. అధ్యక్షుడు అందఱి యెదుటను ఒక గ్లాసు నీరు త్రాగి చూపెను. పాదరసమును తీయుటకు ఆ యంత్రమునకు శక్తియే లేదని తరువాత తెలిసినది. నెల కడపటి దినములలో, నూతనసంవత్సరపు పండుగ ముంగిట, చేత కాసులేని కుటుంబములచే నొక కాగితముపై సంతకములు చేయించిరి. చనిపోయిన వారికి 3 లక్షల యెనులు. మున్ముందు కంపెనీదే దోషమని తేలినను మరల నేమియు నడుగరాదు. మురికినీరు 1968 వఱకును పోయెను. ఆ మే నెలలో కంపెనీ తన యవసరము తీరి ఆ పద్ధతిని మానివేసినది. సెప్టెంబరులో ప్రభుత్వము వారు కారణము కర్మాగారమే యని యొప్పుకొనిరి. ఈ వరుస మన పాఠకురాండ్రు ఒకమాఱు మరల చదువుకొందురు గాక. 1973లో కుమమోతో న్యాయస్థానము ఆ కాగితము చెల్లదని కొట్టివేసి, కంపెనీచే పరిహార మిప్పించినది.

పుట్టిన బిడ్డల సంగతి వేఱుగా చెప్పవలెను. మాయ యొక జల్లెడవంటిదనియు, తల్లి తిన్న విషము దానిని దాటి బిడ్డకు పోదనియు నాటి వైద్యుల నమ్మకము. ఈ పల్లెలలో చేపను నోట పెట్టని పసిబిడ్డలు మెడ నిలువక, కన్ను నిలువక పుట్టుచుండిరి. తల్లులకు చేతులు తిమ్మిరి తప్ప పెద్దజబ్బు లేదు. వారే మొదట అనుమానించిరి. హరదా మసజుమి యను యువవైద్యుడు ఇంటింటికి తిరిగి వారి మాటలు వినెను. 1962లో ఆ బిడ్డలది గర్భమునందే సోకిన రోగమని తేలినది. విషము మాయను దాటుటయే కాదు, తల్లినుండి బిడ్డవైపునకే మిక్కిలిగా పోవునని తెలిసినది. అట్టి తల్లి యొకతె తన పెద్దకూతురును "మా యింటి నిధి" యని పిలుచుచుండెను. తన యొంటి విషమంతయు అది త్రాగినందుననే తానును, తరువాతి బిడ్డలును బాగుగా నున్నారని యామె చెప్పెడిది. ఆ కూతురు ఇరువదియొక్క యేండ్లు బ్రతికి 1977లో పోయినది. తల్లి కూతురును చేతులలో నుంచుకొని నీరు పోయుచుండగా 1971లో తీసిన ఛాయాచిత్రము లోకమంతట ప్రసిద్ధమైనది. ఇక చాలునని, బిడ్డను విశ్రమింపనిండని ఆ కుటుంబమువారు కోరగా, 1998 నుండి క్రొత్తగా ప్రకటించుట మానిరి. అందువలన ఆ చిత్రమును ఇంకను వర్ణింపను.

జపాను స్త్రీలు బిడ్డ యొక్క బొడ్డుతాడును ఎండబెట్టి, చిన్న కొయ్యపెట్టెలో పెట్టి దాచుకొందురు. మన యిండ్లలో దానిని తాయెత్తులో పెట్టి మొలత్రాటికి కట్టుటవంటిదే యిదియు. ఏండ్లు గడచిన పిమ్మట, పుట్టినప్పుడు బిడ్డ రక్తములో విష మెంత యున్నదో చెప్పుటకు వేఱు సాధనము లేకపోయెను. హరదా గారు తల్లులను యాచించి ఆ పెట్టెలు తెఱపించిరి. ఆ యెండిన తాళ్ళలో మిథైలు పాదరసము చెక్కుచెదరక యుండెను. కర్మాగారమున సరకు హెచ్చుగా చేసిన సంవత్సరములలో పుట్టిన బిడ్డల తాళ్ళలో అది హెచ్చుగా నుండెను. కంపెనీ లెక్కపుస్తకములతో తల్లుల పెట్టెలు సరిపోయినవి. ప్రదర్శనశాలలో ఈ సంగతి చదువుచు మా అమ్మాయి చాలసేపు కదలలేదు. నేనును పలుకరింపలేదు.

సముద్రమునేమి చేసిరి? 1974లో రేవు ముఖద్వారమున పెద్దవల కట్టి, లోపలి చేప వెలికి పోకుండ చేసిరి. లోపల పట్టిన చేపలను కంపెనీవారే కొని డ్రమ్ములలో నింపి పాతిపెట్టిరి. పల్లెకారుడు పాతిపెట్టుటకై చేపలు పట్టుట ఎంత విపరీతపు కొలువు! 1977 మొదలు 1990 వఱకు బురదను తోడి, రేవులో కొంతభాగమును ఉక్కుగోడలతో మూసి, అందులో నింపి, పైన మంచిమన్ను కప్పిరి. 58 హెక్టారుల నేల క్రొత్తగా లేచినది. దానికి 4,850 కోట్ల యెనులు పట్టినవి. చేపలను మరల మరల పరీక్షించి, 1997లో భయము లేదని మండలాధిపతి ప్రకటించిన పిమ్మట వల తీసివేసిరి. ఇరువదిమూడేండ్లు ఆ నీటిలో వల నిలిచి యున్నదన్నమాట.

ఆ నేలమీద నిప్పుడు ఉద్యానవనమున్నది. గులాబీలు పూచియున్నవి, పిల్లలు బంతులాడుచున్నారు. సముద్రపు టంచున మాత్రము రాతిబొమ్మలు, మోకాలి యెత్తువి, నీటివైపు తిరిగి కూర్చున్నవి. రోగులును, వారి బంధువులును తమచేతులతో చెక్కి పెట్టినవి యవి. ఒక్క ముఖమువలె మఱియొకటి లేదు. కొన్నిటి యొడిలో చేప యున్నది. పోయినవారు మనుష్యులు మాత్రమే కారని వారి భావము కాబోలు. ఎదుట కోయిజి యను చిన్నదీవి పచ్చగా నుండును. ప్రణయమార్గమని దాని పేరున కర్థము. మన కాళ్ళక్రింద ఆ బురద యట్లే యున్నది. పాదరసము కుళ్ళదు, కాలదు, తఱుగదు. ఉక్కుగోడ లెంతకాలము నిలుచునని అధికారులు లెక్కలు వేయుచునే యున్నారు.

ఊరు మరల బ్రతికిన తీరును చెప్పకపోవుట న్యాయము కాదు. చేపలు పట్టరాని కాలమున కొందఱు పల్లెకారులు కొండచఱియలలో నారింజజాతి తోటలు వేసిరి. విషము మ్రింగి బాధపడినవారము విషము చల్లి పంట తీయుట యెట్లని పురుగుమందులను తగ్గించిరి. తొక్క మందముగా, మచ్చలతో నుండు ఆ పండు తిని చూచితిని. మన బత్తాయి కంటె పులుపు, వాసన మాత్రము దివ్యము. 1993 నుండి గృహిణులు చెత్తను ఇరువది విధములకు పైగా వేఱుచేయుచున్నారు. సీసాలనే రంగునుబట్టి విడదీయవలెను! మా యింటిలో తడి, పొడి అని రెండు డబ్బాలు పెట్టుటకే నాకు పెద్దయుద్ధమైనది. మినమాతా గృహిణియే, ఇషిమురె మిచికో యను నామె, వంటయింటి పనులనడుమ రోగుల యిండ్లకు తిరిగి వారి గోడును 1969లో గ్రంథముగా వెలువరించినది. ఇన్ని సంగతులు ఆ యూరిభాషలో, ఆ యూరివారి నోట, లోకమునకు తెలియుట ఆమె వలననే. 2018లో ఆమె గతించినది.

బజారులో వెండితీగలవంటి చిన్నచేపలను ఉడికించి అన్నముమీద చల్లి యిచ్చుచున్నారు. మా అమ్మాయి కాగితము తీసి చూచినది. చిన్నచేపలకు అడ్డులేదు. కడుపునిండ తిన్నది. షిరనుయి చేపనే యది తిన్నదని వియ్యపురాలు గారికి నేను చెప్పలేదు.

కంపెనీ పక్షమువారును, రోగుల పక్షమువారును ఒకే వీధిలో నుండి మాటాడుకొనక ముప్పదేండ్లకు పైగా గడపిరి. 1994 మే 1వ తేదీని, మృతుల స్మారకదినమున, పట్టణాధ్యక్షుడు తొలిసారి రోగులకు క్షమాపణ చెప్పి, తెగిన పడవలను మరల నొకదానికొకటి కట్టుకొందమనెను. మొయై నవొషి యని పల్లెకారుల మాట యది. అప్పటినుండి కొంత కలసినది. కాని వ్యాజ్యములు ముగియలేదు. కుమమోతో, కగోషిమా మండలములలో ప్రభుత్వము రోగులని గుర్తించినవారు 2,200 మందికి పైగా మాత్రమే, అడిగినవారు వేనవేలు. 2023లో ఒసాకా న్యాయస్థానము తనకు మొఱపెట్టుకొన్న 128 మందిని రోగులేయనినది. మఱుసటి సంవత్సరము కుమమోతో న్యాయస్థానము అటువంటి మొఱనే త్రోసివేసినది.

2024 మే 1వ తేదీని స్మారకసభ ముగిసిన పిమ్మట, పర్యావరణశాఖ మంత్రి రోగుల సంఘములవారిని కలిసికొనెను. ఒక్కొక్కరికి మూడు నిముషములు. ముందటి సంవత్సరము పోయిన భార్యనుగూర్చి యొక వృద్ధుడు చెప్పుచుండగా, గడువు దాటినదని ఉద్యోగులు మైకును ఆపివేసిరి. దేశమంతట నిందలు రేగెను. ఎనిమిదవ తేదీని మంత్రి టోక్యోనుండి మరల వచ్చి ఆయనకు క్షమాపణ చెప్పెను. జూలైలో ఆ సమావేశములను మరల మొదటినుండి జరిపిరి.